కాటా మీద పెట్టని చెయ్యి

పోయిన బుధవారం పొద్దున మా మేస్త్రి చనిపోయాడు. కబురు ఆయన అల్లుడు తెచ్చాడు. కర్నూలు నుంచి కల్లూరు దాకా నడిచి వచ్చి, మా అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మామ పోయినాడప్పా. సాయంత్రం నాలుగ్గంటలకు తీసకపోతాం. నీకు చెప్పి రమ్మని మా అత్త పంపించింది."

మంచినీళ్లు ఇస్తే తాగి, చెంబు కింద పెట్టి, "చెప్పాల్సినోళ్లు శానామంది లేరులే," అని వెళ్లిపోయాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒకప్పుడు ఆ మనిషి బజారున పోతుంటే పది మంది వెంట నడిచేవారు. అలాంటివానికి చెప్పాల్సినవాళ్లు లేకుండా పోవడానికి కారణం ఉంది. అది రాయడానికే కూర్చున్నాను. నాది పల్లెబడి చదువు. నలుగురిలో నోరు తెరిచే అలవాటు ఎన్నడూ లేదు. కాగితం అయితే నా ముఖంలోకి చూడదు.

మేస్త్రి అంటే పత్తి జిన్నులో మేస్త్రి. పత్తి నుంచి గింజ తీసే ఆ జిన్ను ఊరి బయట ఉండేది, ఇప్పుడు లేదు. కూలీలను పిలవడం, పని పంచడం ఆయన చూసుకునేవాడు. నేను కాటా దగ్గర తూకం చూసేవాణ్ని. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా జిన్నుకు ఒక హాకీ జట్టు ఉండేది. జిన్ను యజమాని అయిన మా సావుకారుకు ఆ ఆటంటే పిచ్చి. పోలీసు జట్టును ఓడించి, కలెక్టరు దొర చేతి మీదుగా కప్పు తీసుకోవాలని ఆయన కోరిక. బాగా ఆడేవాళ్లను ఊళ్ల నుంచి తెప్పించి జిన్నులో పని ఇచ్చేవాడు. పేరుకు వాళ్లు దూది బేళ్లు మోసే కూలీలు. నిజానికి వాళ్లకు ముట్టేది ఆట కూలి. వాళ్లను వెదికి తెచ్చేదీ, ఆడించేదీ మేస్త్రే. చిన్నప్పుడు కిరస్తానీ మిషను బడిలో ఆయన ఆ ఆట నేర్చుకున్నాడట.

ఆట ఉన్న రోజు అందరికంటే ముందు మైదానానికి చేరేవాడు. మన నేల సంగతి తెలుసు కదా, గడ్డి తక్కువ, రాయి ఎక్కువ. పంచె ఎగ్గట్టి, వంగి, ఈ గోలు నుంచి ఆ గోలు దాకా గులకరాళ్లు ఏరి పైగుడ్డలో వేసుకునేవాడు. అవతలి జట్టు వైపు కూడా వదిలేవాడు కాదు. మనవాళ్లు నవ్వేవారు.

"ఏం మేస్త్రన్నా, వాళ్లు బోర్లాపడితే మనకే గదా మంచిది?"

"రాయికి మనోడు, పరాయోడు తెలీదురా," అనేవాడు.

సాయంత్రాలు హాకీ కట్టెలకు ఆముదం పట్టించేవాడు. ఎవరి కట్టె ఏ చోట చీలిందో పట్టి ఆడేవానికంటే ఆయనకే బాగా తెలుసు. అంత చేసినవాడు, ఆట మొదలైతే మాత్రం చూడలేకపోయేవాడు. గోలు వెనక, మైదానానికి వీపు పెట్టి కూర్చుని, "చెండు యాడుండాది? ఎవుని దగ్గరుండాది?" అని నన్ను అడిగేవాడు. నేను చెబుతూ పోయేవాణ్ని. నా జన్మలో ఎక్కువ మాట్లాడింది ఆయనతోనే అనుకుంటాను, ఆ గోలు వెనకే.

ఒక ఏడు కడపకు పోయి గెలిచి వచ్చారు. మరునాడు సావుకారు శానా సంతోషంగా కాటా దగ్గరికి వచ్చాడు. బండ్లవాళ్లు ఎద్దులకు నీళ్లు పెట్టడానికి తొట్టి దగ్గరికి పోయారు. అక్కడ ఉన్నది మేము ముగ్గురమే. మేస్త్రి సమయం చూసి అడిగాడు.

"సామీ, ఒక మాట. వీళ్లు సేద్యాలు ఇడిసిపెట్టి వచ్చినారు. రేపు ఎవునికన్నా కాలు ఇరిగితే వాని గతేంది?"

సావుకారు నవ్వి, కాటా దూలం మీద చెయ్యి పెట్టాడు. "ఎవునికి దెబ్బ తగిలినా వాని పని వానిదే మేస్త్రీ. ఆడలేకపోతే గింజ చెరుగుతాడు. జిన్ను ఉండేంతవరకు వాడు ఈడనే ఉంటాడు. కాటా సాక్షి."

వర్తకుల ఇళ్లలో కాటా అంటే లక్ష్మి. పొద్దున దానికి పసుపు కుంకుమ పెట్టనిదే తూకం గుండు ఎత్తరు. దాని మీద చెయ్యి పెట్టి అన్న మాటకు కాగితం అక్కర్లేదు. మేస్త్రి ఆ మాట తీసుకుపోయి ఆటగాళ్లకు చెప్పాడు. అది నమ్మే ఓర్వకల్లు నుంచి ఒక మనిషి వచ్చి జట్టులో చేరాడు. కుడిపక్క ఆడేవాడు. అంత వేగంగా ఉరికే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పెళ్లై అప్పటికి ఏడాది కూడా కాలేదు.

మరుసటి ఏడు ఆ ఓర్వకల్లు మనిషికే దెబ్బ తగిలింది. చెండు కోసం ఇద్దరు ఒకేసారి ఉరికారు. మోకాలి చిప్ప పగిలింది. మేస్త్రి వీపు తిప్పుకునే ఉన్నాడు. మైదానం ఒక్కసారిగా సద్దుమణిగేసరికి, "ఏమాయప్పా?" అన్నాడు. నేను చెప్పాల్సి వచ్చింది.

మూడు నెలలకు ఆ మనిషి కట్టె ఊతగా పనికి వస్తే, గుమాస్తా గేటు దగ్గరే ఆపి పని లేదన్నాడు. ఆ మధ్యాహ్నమే జట్టంతా వచ్చి తమ హాకీ కట్టెలు కాటా ముందు కుప్ప పోశారు. కప్పు ఆటకు ఇంకా ఎనిమిది రోజులుంది. వాణ్ని లోపలికి పిలిస్తేనే మళ్లీ కట్టె పడతామన్నారు. బేళ్లు కూడా ముట్టమన్నారు. సావుకారుకు కోపం వచ్చి గేటు మూయించాడు.

తప్పు ఎవరిదని ఊరంతా తలా ఒక మాట. "చెండు తరుముకునేదానికి కూలి ఇస్తాండారు, ఇంకేం కావాలప్పా వీళ్లకు? నాకియ్యమను, నేనూ ఉరుకుతా," అని అంగళ్లలో నవ్వారు. "ఎద్దు కుంటిదైతే కసాయికి అమ్మే రకం, ఆ సావుకారు," అని కూలీల వాడలో తిట్టారు. పత్తి బండ్లు గేటు బయట వరసగా నిలబడిపోయిన రైతులు ఇద్దరినీ తిట్టారు.

చివరికి నలుగురు పెద్దలు జిన్ను కొట్టంలో పంచాయితీ పెట్టారు. సావుకారు వచ్చాడు, ఆటగాళ్లు వచ్చారు. ఓర్వకల్లు మనిషిని బేలు మీద కూర్చోబెట్టారు. నేను కాటా దగ్గర నా చోట నేను ఉన్నాను.

మేస్త్రి జరిగింది చెప్పాడు. సావుకారు తల అడ్డంగా తిప్పాడు. "ఆ మాట నేను అనల్యా," అన్నాడు. అబద్ధమాడాడని ఈరోజుకీ నేను గట్టిగా చెప్పలేను. దినానికి నూరు మాటలు అనే మనిషి. సంతోషంలో అన్నది సంతోషంతోపాటే పోయి ఉంటుంది.

ఒక ముసలి వర్తకుడు తేల్చడానికి దారి చూపించాడు. "ఏమప్పా మేస్త్రీ, సావుకారు కాటా ముట్టి చెప్పినాడంటివి. అదే కాటా నువ్వు ముట్టి చెప్పు. ఒప్పుకుంటాం."

ఆయన కదల్లేదు. "మా ఇండ్లల్ల ఒట్టు పెట్టుకోరు సామీ," అన్నాడు.

"నిజమైతే చెయ్యి పెట్టేదానికేం రోగం?"

"అబద్ధం చెప్పేటోడైతే చెయ్యి పెట్టి గూడా చెప్తాడు గదా సామీ. అన్నాడు అంటే అన్నాడే. అంతకంటే నాకు మాట లేదు."

మిషను వాళ్ల ఇళ్లలో పెద్దలు అట్లా పెంచుతారు. ఒట్టు పాపమని వాళ్ల నమ్మకం. ఆ కొట్టంలో కూర్చున్నవాళ్లకు మాత్రం, ఒట్టుకు వెనకాడినవాడు దొంగే. ఆటగాళ్ల ముఖాలు మారిపోవడం నేను చూశాను. వాళ్లలో ఒకడు లేచి, "అయితే సావుకారు పెట్టమను చెయ్యి," అన్నాడు. "నా కాటా మీద నేను చెయ్యి పెట్టి నీకు చూపియ్యాల్నా రా?" అన్నాడు సావుకారు. ఎవరూ మళ్లీ అడగలేదు.

అప్పుడు ఆ ముసలి వర్తకుడు, "ఇంకెవురన్నా విన్నారా ఆ మాట?" అన్నాడు.

విన్నవాణ్ని నేను ఉన్నాను. నాకు ఒట్టు అడ్డం లేదు. కాటా నా చేతికి అందేంత దగ్గర ఉంది. మేస్త్రి ఆ క్షణాన నా వైపు చూసి ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. ఆయన చూడలేదు. కావాలనే నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లో నాకు నలుగురు పిల్లలు. ఆ పని తప్ప వేరే పని రాదు. అయినా అది ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. అంతమంది ఒక్కసారిగా నా ముఖం వైపు తిరుగుతారనే భయం కూడా అంతే ఉంది. నేను వంగి, ఇనుప గుండ్ల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

పంచాయితీ లేచిపోయింది. మేస్త్రి లేని మాట చెప్పి ఆశ పెట్టాడని, ఆయన వల్లే అందరి పని పోయిందని తీర్మానమైంది. సావుకారును తిట్టినవాళ్లూ, ఆటగాళ్లను ఎగతాళి చేసినవాళ్లూ ఆ ఒక్కదానికి ఒకటయ్యారు. ఆటగాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. జిన్ను వారానికి కొత్త కూలీలతో తెరిచారు. హాకీ మళ్లీ లేదు. మేస్త్రి రోడ్డు పనిలో కంకర కొట్టడానికి చేరాడు. ఆయన గుడిసె ముందు పోయేటప్పుడు, ఆయన చేతుల మీద పెరిగిన జట్టువాళ్లు కూడా అటు పక్కకు ఉమ్మి పోయేవారని విన్నాను.

నన్ను మాత్రం ఆయన వదల్లేదు. ఏటా కోతలయ్యాక ఒకసారి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, పిల్లల సంగతి అడిగి పోయేవాడు. కంకర కొడుతుంటే రాయి చెక్కు ఎగిరి ఆయనకు ఒక కన్ను మసకబారింది. ఒక ఏడు నేను ధైర్యం చేశాను.

"మేస్త్రీ, ఆ పొద్దు నేను..."

"నువ్వు నోరు తెరిచింటే నీ ఇల్లు గూడా పోయేదప్పా. ఒక ఇల్లు చాల్లే," అన్నాడు. అరుగు దిగుతూ, "కాడికి రెండు ఎద్దులుండాల. తప్పుకూ అంతే. ఒక్కనిదే అంటే నమ్మొద్దు," అన్నాడు.

అది క్షమించడమని ఇన్నేళ్లు అనుకుంటూ బతికాను. ఆయన ఉన్నంతకాలం ఎప్పుడో ఒకప్పుడు నలుగురికీ చెప్పవచ్చులే అని కూడా అనుకుంటూ బతికాను.

ఆ బుధవారం సాయంత్రం సమాధుల దొడ్డికి పోయాను. గుడ్డ కూడా కంట్రోలు కార్డు మీదే దొరికే రోజులు, అది చాలక పాదాల దగ్గర ఆయన పంచే కప్పారు. పదిహేను మంది ఉంటాం. ఓర్వకల్లు మనిషి వచ్చాడు. తల నెరిసిపోయింది. బస్సు దిగి కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వంగి పిడికెడు మన్ను గుంటలో వేస్తున్నారు. ఆయన కూడా మన్ను తీసుకుని, పక్కనున్నవానితో మెల్లగా అన్నాడు.

"మంచోడే పాపం. ఆ ఒక్క అబద్ధం చెప్పకుంటే బాగుండు."

"చెప్పల్యా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. పదిహేను ముఖాలు నా వైపు తిరిగాయి.

"సావుకారు అన్నాడు. కాటా ముట్టి అన్నాడు. నేను ఈ చెవులతో విన్న్యా. ఆ పొద్దు నేనే నోరు తెరిచి చెప్పల్యా."

ఎవరన్నా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి పార పట్టినవాళ్లు పని మొదలుపెట్టారు, గుంట పూడింది, జనం ఒక్కొక్కరే కదిలారు. ఓర్వకల్లు మనిషి కదల్లేదు. బాగున్న కాలి మీద బరువు పెట్టి, చెయ్యి ముందుకు చాచి అట్లాగే నిలబడ్డాడు. గుంట నిండిపోయింది కాబట్టి ఆయన పిడికిట్లో మన్నుకు ఇక చోటు లేదు. నేను గేటు దాటి వెనక్కి తిరిగి చూసినప్పుడు కూడా ఆ పిడికిలి మూసే ఉంది. వేళ్ల సందుల నుంచి ఎర్రమన్ను కొంచెం కొంచెంగా గాలికి రాలిపోతోంది.