హాలియా బడిలో మా జెడ్-80

నన్ను హాలియాకు లాక్కెళ్ళింది ఫోనులో వచ్చిన ఒక ఫోటో. పంపినవాడు సైదులు. ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో నా విద్యార్థి, ఇప్పుడు అక్కడి ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్. ఫోటోలో ఉన్నది ముప్పై అయిదేళ్ళ కింద మా సీనియర్ లెక్చరర్ రహ్మత్ సార్, నేను కలిసి తయారుచేసిన కంప్యూటర్. తుక్కు కింద పోయిందనుకున్నది ఆ బడికి చేరిందట. తెర మీద తెలుగు అక్షరాలు గీసే సార్ ప్రోగ్రాం అందులోని ఒక మెమరీ చిప్‌లోనే మిగిలింది. కాగితాల్ని ఏనాడో చెదలు తినేశాయి. సార్‌కు ఎనభై దాటాయి. ఆ అక్షరాలు ఆయనకు మళ్ళీ చూపించాలని, చిప్‌ను చదివే పరికరం, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

నల్లగొండలో ఉదయం ఏడున్నరకు సాగర్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. కూర్చుని వెళ్ళాలంటే మాత్రం పావుగంట ముందే చేరుకోండి. కనగల్ దగ్గర ఎక్కి పక్కన కూర్చున్న ఆవిడ నాట్లకు పోతోంది. సంచిలో ఏముందని అడిగితే కథంతా చెప్పాను. "మీరే చేసిండ్రా? మరెందుకు ఇడిసిపెట్టిండ్రమ్మా?" అంది.

ఎనిమిది యాభైకి హాలియాలో దిగాను. బస్టాండు ముందు హోటల్లో ఇడ్లీ, పల్లీ చట్నీ బాగున్నాయి, చాయ్ మాత్రం ఉత్త పానకం. అక్కడినుంచి బడికి పది నిమిషాల నడక.

వరండాలో, నిండు ఎండలో, బల్ల మీద మూత తీసిపెట్టిన మా మిషను. ముందర ఒక అట్ట: "విదేశీ కంప్యూటర్, పాత మోడల్". ఒళ్ళు మండిపోయింది. విదేశీ ఏమిటి విదేశీ! అప్పట్లో కంప్యూటర్‌కు మెదడుగా 8080 చిప్ వాడాలంటే మూడు రకాల వోల్టేజీలు కావాలి. జెడ్-80 చిప్‌కి ఐదు వోల్టులు ఒక్కటే చాలు, నడుస్తున్నప్పుడు మెమరీ చెరిగిపోకుండా చూసే పనిలో సగం అదే చేసుకుంటుంది. మన కరెంటుకు ఇదే సరైందని పట్టుబట్టి దాన్ని ఎంచుకున్నది రహ్మత్ సార్, నల్లగొండ మనిషి. చిప్ బయటి నుంచి వస్తే ఆ ఆలోచన కూడా బయటిదైపోతుందా?

అప్పుడు చూశాను, ప్రోగ్రాం ఉన్న చిప్ మీద గాజు కిటికీ తళతళ మెరుస్తోంది. దాని మీద స్టిక్కరు ఉండాలి. ఎండ తగిలితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. చిప్‌ను ఊడదీసి పరికరంలో పెట్టి చదివాను. తెర నిండా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. ఖాళీ.

స్టిక్కరు మురికిగా ఉందని తనే పీకేశాడట సైదులు. పిల్లలకు మంచిగా కనబడాలని స్పిరిట్‌తో తుడిచి, రెండు నెలలుగా అక్కడే ఉంచాడట. పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా అరిచేశాను. "మూడేండ్లు డిప్లొమా చదివినవ్. గా కిటికీ ఎందుకుంటదో తెల్వదా నీకు?"

తల వంచుకునే మెల్లగా అన్నాడు. "గసుంటి చిప్పు చేతుల పట్టుకునుడు గిదే మొదలు మేడం. ల్యాబ్ కిట్లన్నీ బీరువాల ఉండె. తాళంచెవి మీ దగ్గరుండె. రికార్డులు సీనియర్లవి చూసి రాసినం."

నిజమే. పాడైతే ఆడిట్‌లో మాటొస్తుందని తాళం వేసింది నేనే. ఎందుకు, ఎలా అని అడిగి అడిగి చిప్‌ను ఎంచుకున్న మనిషి దగ్గర పని నేర్చుకుని, పిల్లల చేత కోడ్ పట్టికలు బట్టీ పట్టించాను. కోపం తగ్గలేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. వచ్చేముందు ఆ అట్ట చింపించి "నల్లగొండలో తయారైంది" అని రాయించాను.

పన్నెండున్నర బస్సులో సీటు దొరకలేదు. హాలియా వెళ్ళేవాళ్ళుంటే ఆ బడికి వెళ్ళండి. చూసి ఊరుకోకండి, పిల్లల్ని ఆ మిషను ముట్టుకోనివ్వమని గట్టిగా అడగండి. కనగల్ దాటుతుండగా రహ్మత్ సార్ ఫోన్ చేశారు.

"వచ్చినయా అమ్మా, అక్షరాలు?"

"పోయినయి సార్. స్టిక్కరు పీకి ఎండల పెట్టిండ్రు."

సార్ గొంతు పెరిగింది. "ఎవడు వాడు? ఏం తెల్వనోని చేతికి ఎట్లిచ్చిండ్రు?"

బస్సులో నలుగురూ వింటున్నారు.

"మన పిల్లగాడే సార్. నేను చదువు చెప్పిన పిల్లగాడే."