ఒక్క లైను కిటికీ

నా చిన్నప్పుడు మా తాతయ్య గొంతు సినిమాల్లో వినిపించేది, మనిషి మాత్రం కనిపించేవారు కాదు. తెలుగు రాని నటులు తండ్రి వేషాలు వేస్తే వాళ్లకు ఆయన డబ్బింగ్ చెప్పేవారు. రహమత్ నగర్‌లో అద్దెకుండేవాళ్లం. అక్కడి నుంచి ఫిల్మ్ నగర్‌కు ఆటోలో వెళ్లి వచ్చేవారు.

ఒక ఏడాది ఆయన చూపు మధ్యలో మచ్చ పడింది. గుమ్మం వంకరగా కనిపిస్తోందని మొదట వడ్రంగిని తిట్టారు. కళ్లజోడు మారిస్తే బాగయ్యేది కాదని తర్వాత డాక్టరు చెప్పారు. నడవడానికి ఇబ్బంది లేదు కానీ, ఏ అక్షరాన్ని చూడబోతే ఆ అక్షరమే మాయమయ్యేది. భూతద్దం పెడితే ఒక పదం దొరికేది, పక్క పదం జారిపోయేది. స్టూడియోలో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఇక పిలవరని భయం.

పక్కింటి అక్క మాదాపూర్‌లో కొత్తగా కంప్యూటర్ ఉద్యోగంలో చేరింది. తాతయ్య డైలాగు కాగితాలు తీసుకెళ్లి, రేగిపండంత అక్షరాలతో టైపు చేసి తెచ్చింది. ఒక నల్ల అట్టలో సన్నటి కిటికీ కూడా కోసి ఇచ్చింది. దాన్ని కాగితం మీద పెడితే ఒక్క లైనే కనిపిస్తుంది, మిగతాదంతా మూసుకుపోతుంది.

"జర కన్ను పక్కకు తిప్పి చూడు తాతా. గిప్పుడు దొరుకుతుందా?"

"దొరికిందే! నీకు హీరోయిన్ వేషం ఇప్పిస్తా, చూడు."

"గదంతా తర్వాత గానీ, ముందుగాల నువ్వు పోయి డబ్బింగ్ చెప్పి రా."

మర్నాడు బడికి సెలవు కావడంతో నన్నూ వెంట తీసుకెళ్లారు. డబ్బింగ్ థియేటరు చల్లగా, చీకటిగా ఉంది. ఎదురుగా తెర, మైకు, కాగితాలు పెట్టుకునే స్టాండుకు చిన్న దీపం. అక్షరాలు పెద్దవి కావడంతో రెండు కాగితాల సీను ఒక కట్ట అయింది. నాలుగు మాటలు చెప్పేసరికి కాగితం తిప్పాల్సి వచ్చేది. అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు, "సార్, పేపర్ సౌండ్ వస్తోంది" అన్నాడు. కాసేపటికి మళ్లీ అదే మాట. అంతకాలం మైకు ముందు నిలబడిన మనిషికి కూడా, అక్షరం దొరికిన సంతోషంలో ఆ చప్పుడు సంగతి తోచలేదు.

తాతయ్య పాత చిన్నక్షరాల కాగితం బయటికి తీసి, దాని మీద నల్ల అట్ట పెట్టారు. లైను దొరికేసరికి తెర మీద నటుడి నోరు మూసుకుపోయేది.

"ఇవాళ్టికి ఆపేద్దాం సార్. మేమే ఫోన్ చేస్తాం."

స్టూడియో వాళ్లు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదతోనే తాతయ్యకు అర్థమైపోయింది.

బయట మెట్ల మీద కూర్చుని, ఆ సీను నన్ను చదవమన్నారు. నేను అట్ట జరుపుతూ ఒక్కో లైనూ చదివితే, ఆయన దాన్ని ఆ తండ్రి గొంతుతో చెప్పారు. ఆసుపత్రి సీను అది. నాకు భయమేసి, అట్ట ఎత్తి కిందికి తొంగి చూడబోయాను.

"ఈ నాన్న చచ్చిపోతాడా తాతయ్యా?"

ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, అట్టను మళ్లీ కిందికి నొక్కారు. "మనం ఇంకా ఆ లైనుకు రాలేదు కదమ్మా. ఇది చదువు."

చివరి దాకా చెప్పారు. మైకు లేదు, విన్నది నేనొక్కదాన్నే. ఫోన్ రాలేదు. ఆ సినిమాలో ఆ తండ్రి వేరే ఎవరి గొంతుతోనో చనిపోయాడు.

ఆ అట్ట ఇప్పుడు నా దగ్గరే ఉంది, అంచులు చీలిపోయాయి. మా పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నా మనసు ఎక్కడెక్కడికో పరుగెడుతుంది. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి, ఈ ఒక్క లైనే, ఈ ఒక్క లైనే అనుకుంటాను. అయినా అట్ట ఎత్తి చూడాలనే అనిపిస్తుంది. దాన్ని మళ్లీ కిందికి నొక్కడానికి, నా చేతి మీద తాతయ్య చెయ్యి లేదు.