విమానం పోయాక కొట్టే గంట

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ కిరాయి ఇంట్లో ఒక్కదాన్నే పడుకుంటున్నాను. కరెంటు పోతే లేచి దీపం కూడా పెట్టుకోను. చచ్చినవాళ్ళు వస్తారని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. వచ్చేదుంటే ముందు నా దగ్గరికే రావాలి కదా అనేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నమ్ముతున్నానో లేదో నాకే తెలియదు. కడుపు మాత్రం మండుతోంది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా పక్కింటి శిరీష రాస్తోంది. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. మాటలు సరిచేస్తానంటే సరే అన్నాను, సంగతి మాత్రం మార్చొద్దన్నాను. ఈ పిల్ల మీద కూడా నాకు కుళ్ళే. అది కూడా రాయమన్నాను.

మాది శంషాబాద్ పక్కన ఊరు. మా ఆయన నర్సింలు ఇక్కడి సర్కారు బడిలో అటెండరు. గంట కొట్టేది ఆయనే. అప్పుడు కరెంటు బెల్లు లేదు. వరండా దూలానికి తీగతో ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. దాన్ని సుత్తెతో కొట్టేవాడు. సుత్తె అక్కడే వదిలేస్తే పిల్లలు ఊరికే మోగిస్తారని రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు.

మా బడి మీదుగానే విమానాలు దిగుతాయి. మరీ కిందికి వచ్చినప్పుడు ఆ మోతలో ఏమీ వినిపించదు. సార్లు పాఠం ఆపేస్తారు. పిల్లలు చదువుతున్న లైను మీద వేలు పెట్టుకుని కూర్చుంటారు. కొన్ని క్లాసుల్లో విమానం పోయినా అల్లరి ఆగేది కాదు. అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. విమానం దాటిపోగానే పట్టా మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఇక చదువుకోండి అని. ఆ దెబ్బ పడితేనే వేలు కదిలేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

శిరీష వాళ్ళ క్లాసు ఆరో తరగతిలో ఉండగా ఆయన గుండెనొప్పితో పోయాడు. ఆయన పోయాక బడికి కరెంటు బెల్లు పెట్టారు. వరండా రిపేరు చేసినప్పుడు పట్టా ముక్కను దింపి, గగన్‌పహాడ్ నుంచి వచ్చిన పాత ఇనుప సామాన్ల బండికి వేసేశారు. నేను కళ్ళారా చూశాను. నన్ను అదే బడిలో మధ్యాహ్నం భోజనం వండే పనిలో పెట్టుకున్నారు. వంట షెడ్డు ఆ వరండాను ఆనుకునే ఉంటుంది.

ఈ ఏడు పదో తరగతి వాళ్ళకు వీడ్కోలు పార్టీ చేశారు. ఆడపిల్లలంతా చీరలు కట్టారు. శిరీష వచ్చి నా చీర అడిగింది. మా ఆయన కొన్న ఆకుపచ్చ చీర, ఆయన పోయాక నేను కట్టలేదు. ట్రంకు పెట్టె తీసి ఇచ్చాను. నా కంటే దానికే బాగుంది. అప్పుడే మనసులో కొంచెం గుచ్చుకుంది.

పార్టీ మధ్యాహ్నం పూట, బడి ముందే షామియానా కింద. ఒక్కొక్కరు మైకు పట్టుకుని ఈ ఐదేళ్ళ ముచ్చట్లు చెబుతున్నారు. అఖిల్ అని ఒక చిలిపి పిల్లాడున్నాడు. వాడు లేచి, "యాదమ్మ పెద్దమ్మ చారు ఎంత మంచిదంటే, గిన్నెల మొఖం చూసుకొని తల దువ్వుకున్నం" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ గరిటె చూపించి నవ్వాను.

తర్వాత వాడే అన్నాడు. "అన్నీ మర్చిపోతం గని, నర్సింలు తాత గంట మర్చిపోం. రేపు ఇంటర్ కాలేజీల ఆ గంట ఇనవడదు గద, గదే బాధ."

ఆరో తరగతి నాటి మాట చెబుతున్నాడనుకున్నాను. కానీ ఇంకో పిల్ల లేచి, తొమ్మిదిలో సైన్సు పరీక్ష రోజు ఆ గంట విన్నాకే ధైర్యం వచ్చిందని చెప్పింది. మరొకడు మొన్న ఫిబ్రవరిలో విన్న మాట చెప్పాడు. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. నా చేతిలోని గరిటె చేతిలోనే ఉండిపోయింది.

అంతలోనే ఒక విమానం వచ్చింది. షామియానా గుడ్డ కొట్టుకునేంత కిందికి. అఖిల్ మాట మధ్యలో ఆపేశాడు. విమానం దాటిపోయింది. మోత తగ్గి, రోడ్డు మీద లారీల హారన్లు కూడా వినిపిస్తున్నాయి. వాడు ఇంకా మాట్లాడడు. పదో తరగతి మొత్తం ఊపిరి బిగపట్టుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి వాళ్ళు మాత్రం గుసగుసలాడుకుంటున్నారు.

లెక్కల సారు విసుక్కున్నాడు. "వెళ్ళిపోయింది కదరా విమానం! ఎన్నేళ్ళు చెప్పినా మీ క్లాసుకే ఈ జబ్బు. ఇంకా ఎవరి కోసం చూస్తున్నారు?"

అప్పుడు అందరి భుజాలూ ఒక్కసారే దిగాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. అఖిల్ ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టాడు.

నాకు ఏమీ వినిపించలేదు. ఒట్టు. లారీలు తప్ప ఏమీ లేదు.

శిరీషను చెయ్యి పట్టుకుని వంట షెడ్డులోకి లాక్కొచ్చాను. "ఏందే గా గంట ముచ్చట? నాతోని ఆటలా?" అన్నాను.

అది భయపడింది. "నీ మీద ఒట్టు పెద్దమ్మా. రోజూ ఇనవడ్తది. నువ్వు గూడ ఇంటున్నవనే అనుకున్నం. యాది చేస్తే ఏడుస్తవని ఎన్నడు అడగలే."

"నాకెన్నడు ఇనవడలే" అన్నాను.

అది తల దించుకుంది. నా చీర కట్టుకుని, నా మొగుడి గంట విని, నా ముందర తల దించుకుంది. చెంప మీద ఒకటి కొట్టాలనిపించింది. దాని తప్పేముంది? కానీ ఆ రోజు నా మనసు అలాగే ఉంది. ఇన్నేళ్ళు వరండా పక్కనే పొయ్యి ముందు కూర్చున్నాను. ఆయనకు ఆ వరండా గుర్తుంది, క్లాసు గుర్తుంది, పక్కనే నేను ఉన్నానని గుర్తు లేదా?

ఇంటికి పోయి ట్రంకు పెట్టె అడుగు దాకా తీశాను. తాళంచెవి నా నడుము దారానికే ఉంటుంది, ఎవరికీ ఇవ్వను. ఆయన పోయిన కొన్ని నెలలకు సుత్తెను ఆయన ఖాకీ చొక్కాలో చుట్టి పెట్టింది నేనే. వాడక లేక అప్పటికే కొట్టే ముఖం కూడా తుప్పు పట్టింది. విప్పి చూశాను. చొక్కాకు ఎర్రని తుప్పు మరక అలాగే ఉంది. సుత్తె పక్కలన్నీ తుప్పే. కొట్టే ముఖం మాత్రం తళతళా మెరుస్తోంది, రోజూ వాడే సుత్తెలాగా. దేన్ని కొట్టాడో తెలియదు. ఆ పట్టా ముక్క ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

అంటే ఇంట్లోకి వచ్చాడు. పెట్టె ముట్టుకున్నాడు. దాని పక్కనే నా మంచం. సుత్తె తీసుకుని బడికి పోయాడు గానీ, నన్ను పిలవలేదు.

లెక్కల సారుకు సుత్తె చూపించాను. ఆయన నిదానంగానే చెప్పాడు. "పిల్లలకు అది అలవాటమ్మా, చెవిలో ఉండిపోయింది. ఇనుము కూడా ఎక్కడో రాసుకుని ఉంటుంది." అయి ఉండొచ్చు. గుడ్డలో చుట్టింది దేనికి రాసుకుందని అడిగితే ఆయన నవ్వి క్లాసుకు వెళ్ళిపోయాడు. మిగతా క్లాసుల పిల్లలనూ అడిగాను. ఎవరికీ వినిపించదు. మా ఆయన గంట కొట్టగా విన్న ఆఖరి క్లాసు శిరీష వాళ్ళదే.

సుత్తెను ఇప్పుడు నా మంచం ఎదురుగా మేకుకు తగిలించాను. తీస్తే నాకు తెలియాలి. విమానం వస్తే పొయ్యి ఆపేసి కూర్చుంటాను. మోత పోతుంది, తర్వాత పక్కింటి టీవీ వినిపిస్తుంది, అంతే. పరీక్షలు అయిపోయాయి. అఖిల్ రాజేంద్రనగర్ కాలేజీలో చేరతాడట. అందరూ చెదిరిపోయారు. ఇక ఆయనకు పని లేదు కాబట్టి, ఇప్పుడైనా ఇటు వస్తాడేమోనని చూస్తున్నాను.

ఇదెలా జరిగిందో నేను చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు నాకింకా కనపడలేదు.

ఇది రాయిస్తుండగానే ఒక విమానం పోయింది. శిరీష కలం ఆపింది. మోత మొత్తం తగ్గిపోయింది. అయినా కలం కదలలేదు. నేను మేకు వైపు చూశాను, సుత్తె అక్కడే ఉంది. కాసేపటికి ఈ పిల్ల నా మొహం చూడకుండా మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

విన్నావా అని నేను అడగలేదు.