సముద్రానికి పెట్టిన బొట్టు

పాత చిత్రాలకు ఖరీదు కట్టే ఆయనొకరు మా అమ్మాయికి తెలిసినవారట. పోయిన నెల నెల్లూరులో మా ఇంటికి వచ్చి, గోడ మీది పటం దింపించి, చట్రం విప్పించి, అడుగున పెన్సిలుతో ఉన్న సంతకాన్నీ దాని పక్క అంకెనూ భూతద్దంతో చూసి చాలా సంతోషించారు. ఎండ తగలనివ్వవద్దన్నారు, వెనక చెక్క తీసేసి మంచి అట్ట పెట్టించమన్నారు, వేళ్ళతో ముట్టుకోవద్దన్నారు. అన్నిటికీ తలూపాను. తర్వాత బొమ్మలో సముద్రం మధ్యనున్న ఎర్రటి మరక చూసి పెదవి చప్పరించి, ఇది లేకపోతే ఎన్నో రెట్లు పలికేదనీ, నేర్పుగా కడిగి తీసేవాళ్ళు మద్రాసులో ఉన్నారనీ చెప్పారు. దానికి మాత్రం వద్దన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నా ఈడు వాళ్ళకైతే చెప్పవచ్చు.

యాభైల చివర నేను తోటపల్లి గూడూరు దిక్కున సముద్రపొడ్డు పల్లెకు కోడలిగా వెళ్ళాను. ఆ ఏడే మద్రాసు నుంచి ఒక చిత్రకారుడు వచ్చి, మా మామగారి తెప్ప మీద తిరుగుతూ, మా ఇంటి చేపల పులుసు తింటూ కొన్నాళ్ళున్నాడు. వెళ్ళిన కొన్ని నెలలకు, చెక్క మీద చెక్కి రంగు పూసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ ఒకటి పంపాడు. సరుగుడు తోపు, ఇసుక, ఆపైనంతా సముద్రం, మనిషన్నవాడు లేడు. కాస్త చదువుకున్న కోడలిని కనుక కింద ఏముందో నన్ను చదవమన్నారు. ముప్పై అచ్చులు తీస్తే ఇది తొమ్మిదోదని చెప్పాను. మామగారు మొహం చిన్నబుచ్చుకుని, మొదటి ఎనిమిదీ ఏ గొప్పవాళ్ళకు పంపాడోనని చాలాకాలం సణిగారు. అయినా నెల్లూరు వెళ్ళి అద్దం కట్టించి తెచ్చింది ఆయనే.

శుక్రవారం ఇంట్లో పటాలన్నిటికీ కుంకుమ పెట్టడం మా అత్తగారి అలవాటు. దేవుళ్ళకైతే నుదురుంటుంది. ఈ పటం ముందు మాత్రం భరిణె పట్టుకుని ఎటూ తోచక నిలబడి, చివరికి సముద్రం మీద పెట్టేవారు. సముద్రమంటే మాకు గంగమ్మే కదా. శనివారం పొద్దున నేను అద్దం తుడిచేదాన్ని. ఆ చిత్రానికి మా ఇంట్లో జరిగిన సంరక్షణ అంతే.

అరవైలలో ఒక కార్తీకమాసం గాలివానకు పటం కింద పడి అద్దం పగిలింది. అప్పటికి మా మరిది వేటకు వెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. తక్కిన తెప్పలన్నీ తిరిగి వచ్చాయి, అతనిది రాలేదు. మరునాడూ రాలేదు. అది శుక్రవారం కాదు, అత్తగారు స్నానమైనా చేయలేదు. అప్పటిదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టని మనిషి ఉన్నట్టుండి లేచి, గాజుపెంకులు దులిపి, ఒట్టి కాగితం మీద సముద్రానికి బొట్టు పెట్టి, వేలు తీయకుండా అట్లాగే నిలబడిపోయారు.

మరిది దక్షిణాన ఎక్కడో పులికాట్ దిక్కున ఒడ్డెక్కి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. గుమ్మంలో అతన్ని చూసి అత్తగారు కావలించుకుని ఏడవలేదు. వీధంతా వినేట్టు తిట్టారు, తిడుతూనే అన్నం కలిపి పెట్టారు. కొత్త అద్దం వేయించాక కూడా శుక్రవారాలు బొట్టు పెట్టకుండా ఆ పటాన్ని దాటి వెళ్ళిపోతుంటే ఎందుకని అడిగాను. “అడిగినాను, ఇచ్చింది. వారం వారం పోయి నిలబడితే ఆయమ్మకి మాత్రం విసుగు రాదా?” అన్నారు.

ఇప్పుడు మా పల్లెలో పడవలకు ఇంజన్లు, చేతుల్లో ఫోన్లు. గాలి వస్తుందని ముందే తెలుస్తోంది. పిల్లలు నీళ్ళ మీద నుంచే ఫోను చేసి కూరేమిటని అడుగుతున్నారు. ఆ భయం పోయినందుకు సంతోషమే. అయితే ఒక మనిషి కోసం ఇల్లంతా అన్నం మానుకుని కూర్చోవడం, అతను గుమ్మంలో కనబడగానే నోటికొచ్చినట్టు తిట్టడం, అవీ పోయాయి. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే తలెత్తి చూసి, వచ్చావా అంటాం, అంతే.