ఎర్రకారులో తప్పిపోయిన గుర్రాలు

పాటల పెట్టె మార్చమని కారు ఇస్తే, చెవులాయన దాని ఇంజిన్‌లోంచి వంద గుర్రాలను విప్పుకుని ఇంటికి తోలుకుపోయాడట. నలుగురూ గోల చేస్తే మర్నాడు తెచ్చి మళ్ళీ కట్టేశాడట. ఆ వీధిలో ఈ మాట అనని నోరు లేదు. సకిలింపు కూడా విన్నామన్నవాళ్ళున్నారు.

చెవులాయన అంటే మెకానిక్ షెడ్డుకు ఎదురుగా, ఒకే ఒక్క కారు పట్టే కొట్టులో స్పీకర్లు బిగించే మనిషి. చెవులు మరీ పెద్దవేం కావు. పని అయ్యాక కారులో కూర్చుని, అద్దాలు ఎత్తేసి, కళ్ళు మూసుకుని, తలుపుకు చెవి ఆనించి పాట వింటాడు. ఎక్కడో ఓ ప్లాస్టిక్ ముక్క జిర్రుమంటుంది. తలుపు అట్ట మళ్ళీ విప్పుతాడు, బిస్కెట్ల డబ్బాలోంచి కొత్త క్లిప్పు తీసి నొక్కుతాడు, చిన్న గుడ్డపట్టీ అంటిస్తాడు, మళ్ళీ చెవి ఆనిస్తాడు. వెనక గదిలో సీటు కవర్లు కుట్టే భార్య, "తలుపు చెప్పేది ఇంత శ్రద్ధగా వింటావు, నేను చెప్పింది ఎప్పుడైనా విన్నావా?" అంటుంది. అదీ వినడు.

పళ్ళ డాక్టరు ఎర్రకారు తెచ్చిన రోజు వీధి వీధంతా బయటికొచ్చింది. మూడొందల గుర్రాల బలమట. లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కితే పులి గర్జించినట్టుండేది.

"ఇంజిన్‌కి వంక పెట్టక్కర్లేదు. పాటే, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంది," అన్నాడు డాక్టరు.

చెవులాయన నాలుగు రోజులు ఆ కారులోనే కాపురం పెట్టాడు. తలుపుల్లోపల రబ్బరు షీట్లు అంటించాడు. కొత్త స్పీకర్లు బిగించాడు. డిక్కీలో బేస్ పెట్టె అమర్చాడు. సీటు కిందున్న కంపెనీ యాంప్లిఫయర్ ఊడదీసి, అట్టపెట్టెలో భద్రం చేసి, దాని చోట కొత్తది పెట్టాడు. పాట విని డాక్టరు మురిసిపోయాడు. "పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోందయ్యా!"

రెండు రోజులు తిరక్కుండానే అదే డాక్టరు, అదే కారు. మొహం మాత్రం వేరు.

"ఏం చేశావయ్యా నా ఇంజిన్‌ని? బండి చచ్చిపోయింది!"

"నేను అటువైపే పోలేదు డాక్టరుగారూ."

"మరి ఆ గర్జన ఏది? ఆ ఊపేది? కుట్టుమిషన్‌లా నడుస్తోంది!"

"కుట్టుమిషన్నేమీ అనకండి," అంది లోపలి నుంచి భార్య.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తాళం ఇలా ఇవ్వండి. ఒక్క రౌండులో తేల్చేస్తా."

అతని తీర్పు మీద చెవులాయన భార్యకు నమ్మకం తక్కువ. చటుక్కున వెనక సీట్లో ఎక్కి కూర్చుని, వీధి మలుపు నుంచి పెట్రోలు బంకు దాకా ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసింది.

తిరిగొచ్చిన మెకానిక్ పెదవి విరిచాడు. "లాగట్లేదండీ. ఎద్దుబండి నయం."

"పదకొండు సెకన్లు పట్టింది," అందామె.

"ఇదివరకు ఎంత పట్టేదో తెలుసా వదినా?"

ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"రేపు వస్తా. నా ఇంజిన్ నాకు కావాలి," అని తాళం బల్ల మీద పడేసి డాక్టరు ఆటో ఎక్కాడు.

సాయంత్రానికల్లా, వచ్చే వారం కార్లు తెస్తామన్న ఇద్దరూ "తర్వాత చూద్దాం లెండి" అని ఫోన్ చేశారు. "ఇక నుంచి మన ఇంటి తలుపుకే చెవి పెట్టుకో," అంది భార్య. వేళాకోళంగానే అంది గానీ, చేతిలో సూది ముందుకు కదల్లేదు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ తిండి పెట్టింది ఆయన మంచిపేరే.

చెవులాయన ఎర్రకారులో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి రోజు విన్న గర్జనను గుర్తుచేసుకున్నాడు. అది ఎటు నుంచి వచ్చింది? ఇంజిన్ ముందుంది. గర్జన మాత్రం మోకాలి పక్కన, తలుపులోంచి తగిలింది!

గబగబా అట్టపెట్టె తెరిచాడు.

మర్నాడు డాక్టర్ని కారులో కూర్చోబెట్టి, తానూ పక్కన ఎక్కి అద్దాలు ఎత్తేశాడు. బయట మెకానిక్, వీధి జనం గుమిగూడారు.

"గేరు వెయ్యకుండా తొక్కండి."

పులి గర్జించింది. చెవులాయన సీటు కింద ఓ ప్లగ్గు పీకాడు. పులి కాస్తా పిల్లి అయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పులి.

"అంటే... ఆ గర్జన స్పీకర్లోంచా?"

"సగం అక్కణ్ణించేనండి. ఇంజిన్ చప్పుడు పెద్దది చేసి వినిపించేలా కంపెనీవాళ్ళే పెట్టారు. పాత యాంప్లిఫయర్ తీసేసరికి అదీ పోయింది. ఇప్పుడు పాటకు కొత్తది, గర్జనకు పాతది."

డాక్టరు స్టీరింగ్ వంక చూశాడు. తర్వాత అద్దంలోంచి బయటి జనాన్ని చూశాడు.

"ఎవరికీ చెప్పకయ్యా. మా బావమరిదికి అసలే చెప్పకు. వారానికోసారి ఎక్కించుకుని మరీ వినిపించాను వాడికి."

"చెప్పనండి. మరి నా పేరు?"

డాక్టరు ఓ క్షణం ఆలోచించి, తలుపు తెరుచుకుని దిగాడు. "ఇతని చేతిలో మంత్రం ఉందయ్యా! నా గుర్రాలన్నీ తిరిగొచ్చాయి!"

చెవులాయన నోరు తెరిచాడు. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి మూసేశాడు.

మెకానిక్ ఊరుకుంటాడా, ఇంకో రౌండు వేశాడు. ఈసారి డాక్టరూ ఎక్కాడు, వెనక సీట్లో ఫోనుతో చెవులాయన భార్య షరా మామూలే. "అదీ లాగడమంటే! గాల్లో తేలింది!" అని మెకానిక్ నలుగురూ వినేలా అరిచాడు.

వద్దన్న ఇద్దరూ ఆ వారమే తిరిగొచ్చారు. మూడో ఆయన తన పాత కారు తెచ్చి, "ఓ ఇరవై గుర్రాలు కట్టి పెట్టవా," అని చెవిలో అడిగాడు.

"మేం పాటలే చూస్తామండీ," అన్నాడు చెవులాయన. ఎవరూ నమ్మలేదు.

భోజనాల దగ్గర భార్య ఫోను ఆయన ముందుకు జరిపింది. మొదటి రౌండు పదకొండు సెకన్లు. గుర్రాలన్నీ తిరిగొచ్చాక పన్నెండు.