రాయిలో లేనిది

కరెంటు పోయింది. పాప నిద్రలో కదిలితే ఫోను టార్చి వెలిగించి, వెలుగు దాని కళ్ళలో పడకుండా నేలమీద గోడవారగా పెట్టాను. నున్నగా ఉందనుకున్న గోడ ఒక్కసారిగా మారిపోయింది. సున్నపు పొరల అంచులు, తాపీ తిరిగిన గీతలు, ఎప్పుడో కొట్టి పీకేసిన మేకు గుంట, ప్రతిదీ తన నీడతో పైకి లేచింది. పాప నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది. జ్వరం తగ్గిందని తెలిసి కూడా పొద్దుపోయిన దగ్గర్నుంచి అదే పని చేస్తున్నాను. ఇక నిద్ర రాదని ఆ గోడనే చూస్తూ కూర్చుంటే వసుంధర మేడం గొంతు వినిపించినట్టయింది. "వెలుగు ఎదురుగా పెడితే అన్నీ చదునుగానే కనపడతాయమ్మా. పక్కకి జరుపు."

మా విశ్వవిద్యాలయంలో ఆవిడ డిజిటల్ హ్యుమానిటీస్ పరిశోధనకు కోఆర్డినేటర్. ఆ పేరు విని మా అత్తయ్య, "అంటే ఏం చేస్తదంట ఆమె?" అని అడిగింది. పల్నాడు ఊళ్ళలో వీరగల్లులు ఉంటాయి, పోరాడి చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు. వాటిని ఫోటోలు తీసి, వాటి మీది రాతలు చదివి, ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. నరసరావుపేటలో ఒక మేడమీది గది మా ఆఫీసు. పాత లిపి చదివే పెద్దాయన ఒకరు, ప్రోగ్రాములు రాసే ఇంజనీరు, ఫోటోగ్రాఫరు, ఊళ్ళు తిరిగి వివరాలు రాసుకొచ్చే నేను. మాలో ఒకరి భాష ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. ఆ మధ్యలో నిలబడి మా అందరిచేతా ఒకే పని చేయించడమే మేడం ఉద్యోగం. అది ఎంత కష్టమైన పనో ఇప్పుడు నాకు తెలుసు.

నేను చేరిన కొత్తలో ఇంజనీరుకీ పెద్దాయనకీ గొడవ. రాయి ఏ సంవత్సరానిదో కంప్యూటర్ గడిలో ఒక అంకె వెయ్యాలంటాడు ఇంజనీరు. "రాయి నీ గడి కోసం పుట్టలేదు నాయనా" అంటారు పెద్దాయన. మేడం ఇద్దరి మాటా పూర్తిగా విని, కొన్నాళ్ళపాటు పనులు మార్చుకోమన్నారు. ఇంజనీరు రాతల అచ్చు తీసే తడి కాగితమూ బ్రష్షూ సిరా మూటా మోసుకుంటూ మాచర్ల వైపు ఎండలో తిరిగాడు. పెద్దాయన ఒంటివేలితో కొడుతూ కీబోర్డు ముందు కూర్చున్నారు. తిరిగొచ్చినప్పుడు ఇంజనీరు చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "ఒక్క గడి చాలదు మేడం" అన్నాడు. మేడం నవ్వకుండా, "ఎన్ని కావాలి?" అని మాత్రం అడిగారు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అట్లాగే ఆ సేవ్ బొత్తాన్ని కాస్త పెద్దది చెయ్యి నాయనా, దొరికి చావటంలేదు" అన్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మధ్యాహ్నం ఒకే క్యారియర్ పంచుకుని తినేవాళ్ళు.

నేను రాసుకొచ్చిన మొదటి వివరాల్లో 'స్థానికుల ప్రకారం' అని పెట్టాను. మేడం దాని మీద వేలు పెట్టి, "ఈ స్థానికులు అనే మనిషి ఏ ఇంట్లో ఉంటాడమ్మా? వెళ్ళి కలుద్దామా?" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి మాట పక్కనా చెప్పినవాళ్ళ పేరు రాయడం నేర్చుకున్నాను. ఆవిడకు ఇంకొక పద్ధతి ఉండేది. వెబ్‌సైటులో పెట్టే ముందు ఆ ఊరు వెళ్ళి, రాయి ముందు నిలబడి, దాని మీద ఏముందో ఊరివాళ్ళకు గట్టిగా చదివి వినిపించాలి. లోకం కంటే ముందు ఊరు వినాలి. పని ఆలస్యమవుతోందని పైవాళ్ళు విసుక్కున్నా ఆవిడ ఆ పద్ధతి మార్చలేదు.

ఆ పద్ధతే నా ఇంటిమీదికి వచ్చింది. గురజాల దగ్గర మా అత్తగారి ఊళ్ళో, మా పొలం గట్టున కత్తి పట్టుకున్న వీరుడి రాయి ఉంది. మామయ్య ఒకప్పుడు సర్పంచి. ఆ రాయిని 'మా తాత' అనేవారు. ఊళ్ళో తగువు వచ్చినా, ఎన్నికలు వచ్చినా, "కత్తి పట్టిన ఇల్లు మాది" అన్న మాట ఆయన నోట రాకుండా ఉండదు. చంకలో పాపతో ఉన్న నన్ను ఉద్యోగానికి పంపడానికి ఒప్పుకున్నది కూడా ఆ రాయి కోసమే. "పోనీలే, మన తాత కంప్యూటర్లోకొస్తాడు" అన్నారు. యూనివర్సిటీవాళ్ళు ఫోటో తీస్తారని తెలిసి, మా మీద గౌరవంతో, ముందురోజే పెయింటరును పిలిపించి రాయికి దట్టంగా వెండిరంగు వేయించారు. కత్తికి ఎరుపు, మీసానికి నలుపు. అక్షరాలన్నీ రంగు కింద మునిగిపోయాయి.

ఫోటోగ్రాఫరు తల పట్టుకున్నాడు. మేడం రాయి చుట్టూ ఒకసారి తిరిగి, "మీసం చక్కగా వచ్చిందండీ" అన్నారు మామయ్యతో. అందులో ఎగతాళి లేదు. రంగు గీకించేద్దామన్న పెద్దాయనతో, "అదీ ఈ రాయి కథే. ఎవరు వేయించారో పేరుతో రాసుకోండి" అన్నారు. మిరపకాయలు ఆరబోసే పట్టాలు తెప్పించి రాయి మీద గుడారంలా కప్పించారు. లోపలి చీకట్లో లైటును ఒక్కొక్క పక్క నుంచీ, నేలకు దగ్గరగా పెట్టి ఫోటోలు తీశారు. వాటన్నిటినీ కలిపితే కంప్యూటర్ తెర మీద వెలుగును మనం ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. అలా తిప్పగా తిప్పగా వెండిరంగు కింద నుంచి అక్షరాలు లేచాయి. పెద్దాయన చదివారు. పసులకాపరి పోలయ కొడుకు బొల్లన ఆవులను విడిపించి పడిపోయాడు. ఊరివారు నిలిపిన రాయి. మామయ్య వంశం పేరు అందులో ఎక్కడా లేదు.

ఇంట్లో చెప్పకుండా ఉండలేను. చెప్పాను. మామయ్య అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. "అమ్మాయ్, చదవరాలేదని రాసెయ్యండి. రంగేశాంగా, ఎవరికి తెలుస్తది?" అన్నారు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఊరందరి ముందు చదువుతారంటగా. ఆ తర్వాత నేను నలుగుట్లో ఎట్టా కూచోవాల?" అన్నారు. అత్తయ్య వంటింట్లోంచే, "ఏమే, ఇల్లు నవ్వులపాలు చేసే ఉద్యోగం మనకెందుకే? పిల్లనెత్తుకొని ఇంటో కూచో" అంది. చదివితే ఆ ఇంట్లో నా ముఖం చూసేవాళ్ళుండరు. చదవకపోతే ఆ గదిలో నాకు పనుండదు. పాపకు పాలు పడుతూ రెండూ పోయినట్టే అనుకున్నాను.

మేడంతో చెబితే, "సరే, మనం చదవొద్దులే" అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. ఆవిడ ఆగి, "ఆయన చదువుతారేమో అడుగుదాం" అన్నారు.

ఆదివారం బస్సు దిగి, భుజాన ల్యాప్‌టాప్ సంచితో వచ్చారు. మామయ్య వసారాలో సిద్ధంగా కూర్చునున్నారు. "మీరు చెప్పేది నేను నమ్మను మేడం గారూ."

"నమ్మొద్దండీ. మీరే చూడండి" అని ఆవిడ మౌసు ఆయన చేతిలో పెట్టారు.

మామయ్య దాన్ని కదిపారు. తెరమీద వెలుగు కదిలింది. రాయి చుట్టూ పొద్దును తన చేత్తో తిప్పుతున్నట్టు ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. పాత అక్షరానికీ ఇప్పటి అక్షరానికీ పోలిక ఎక్కడుందో చూపించి, మిగతాది మేడం ఆయనకే వదిలేశారు. ఒకచోట, "ఇది ప కాదు, మ" అని ఆయన పట్టుబట్టారు. "అయ్యుండొచ్చు. వెలుగు కుడివైపుకి తేండి" అన్నారు మేడం. ఆయన తెచ్చి, చాలాసేపు చూసి, "ప నే" అన్నారు. అత్తయ్య పెట్టిన కాఫీలు తొరక కట్టాయి. చివరికి ఆయన మొత్తం పంక్తి తన నోటితో చదివారు.

"మా తాత కాడన్నమాట."

ఆయనే మళ్ళీ, "ఊరివారు నిలిపిన రాయి అనుందిగా. ఆ ఊరివారంటే మేమే. చానా తరాల్నుంచి ఇక్కడ పెద్దలం మేమే. ఆ ముక్కన్నా రాయండి" అన్నారు. ఆయన అంత మెత్తగా అడగడం నేనెన్నడూ వినలేదు. అవునని చెప్పేయండి మేడం అని నేను లోపల దండం పెట్టుకున్నాను. చిన్న అవును. ఇల్లు నిలబడుతుంది, నేను నిలబడతాను.

"అయ్యుండొచ్చండీ. కానీ రాయిలో లేదు" అన్నారు మేడం. జబ్బు మనిషి పక్కన కూర్చున్నప్పుడు మాట్లాడే గొంతుతో అన్నారు. తర్వాత, "మీ ఇంటివాళ్ళు ఇక్కడ దీపం పెడుతున్నారన్నది కూడా రాయిలో లేదు. అది మీరు చెప్తేనే తెలిసేది. మీకు గుర్తున్నంత చెప్పండి, మీ పేరుతో, మీ మాటల్లోనే ఉంచుతాం" అని రికార్డరు ఆయన ముందు పెట్టారు.

మామయ్య తడుముకుంటూ మొదలుపెట్టారు. "మా నాయనమ్మ పెట్టేది దీపం. పండగలకి కాదు. గొడ్డుకి జబ్బు చేసిందంటే చాలు, ముందు ఆ రాయి కాడికే పోయేది. ఎందుకని నేనడగలా..." అక్కడ ఆగిపోయారు. ఆవుల కోసం పడిపోయినవాడి దగ్గరికి ఆవిడ ఆవుల కోసమే వెళ్ళేది. అది నాకు అప్పుడు తట్టింది. మేడంకు నాకంటే ముందే తెలిసుంటుంది, అయినా ఆవిడ నోరు విప్పలేదు. ఆయనంతట ఆయనే, "ఆమెకి తెలుసు" అన్నదాకా ఆగారు. అంత పెద్ద సంగతిని చేతిలో ఉంచుకుని, దాన్ని కనిపెట్టే హక్కు ఇంకొకరికి వదిలిపెట్టగల మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఊరికి చదివి వినిపించిన రోజు మామయ్యే రాయి పక్కన నిలబడి చదివారు. చదవడం అయిందో లేదో ఎదుటి పార్టీ మనిషి ఒకడు, "ఏం బాబాయ్, మీ తాత గొడ్లు కాసేవాడా?" అన్నాడు. జనం నవ్వారు. మామయ్య కోపం తెచ్చుకోలేదు. "మా తాత కాదురా, బొల్లన. ఆ మందలో మీ వాళ్ళ గొడ్లూ ఉండుంటయ్. నోరు మూసుకొని దండం పెట్టు" అన్నారు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు, అడిగినవాడు కూడా. మేడం అందరి వెనకా, మా పాపను నడుముకెత్తుకుని నిలబడి ఉన్నారు. అది ఆవిడ కళ్ళజోడు లాగుతోంది.

ఆ రాత్రి అత్తయ్య, "రేపు బస్సెన్నింటికే?" అని అడిగింది. ఉద్యోగం గురించి ఇంకేమీ అనలేదు.

మేడం రిటైరై వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళిపోయారు. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ధైర్యం మాత్రం ఆవిడంత రాలేదు. పాప తుమ్మితే హడలిపోతాను. ఎవరి ముఖమైనా చిన్నబోతుందంటే ముందుగా నా నోటికొచ్చేది అవునన్న మాటే. దాన్ని ఆపుకోవడం రోజూ కొత్తగా నేర్చుకుంటున్నాను. మొన్న ఊరెళ్ళినప్పుడు పాప రాయి ముందు నిలబడి, "అమ్మా, ఈయన మన తాతా?" అని అడిగింది. అవునంటే ఎంత మురిసేదో.

"కాదు నాన్నా. ఈయన పేరు బొల్లన. మనం దీపం పెడతాం, అంతే."

"మన తాత కాకపోతే ఎందుకు పెట్టడం?"

పొలం గట్టు మీద దాని పక్కనే కూర్చుని, నాకు తెలిసినంతవరకు చెప్పాను. తెలియని చోట తెలియదన్నాను.