హద్దుల్లో పేర్లు

పోయిన వారం కోరుట్ల నుంచి ఒక పెద్దమనిషి ఇల్లు అమ్ముకునే పని మీద జగిత్యాలలోని నా ఆఫీసుకు వచ్చి, పాత దస్తావేజుల మూట విప్పాడు. ఎర్రగుడ్డలో కట్టి, మధ్యమధ్యన వేపాకు వేసి, ఎన్నేళ్ళు అటక మీద దాచారో గాని, ముడి విప్పగానే దుమ్ము లేచి గదిలో ఉన్న అందరం దగ్గడం మొదలుపెట్టాం. నా చెయ్యి దానంతటదే టేబుల్ సొరుగులోకి పోయి లవంగాల డబ్బీ తీసింది. తలా ఒకటి ఇచ్చి, నేనూ ఒకటి పంటి కింద పెట్టుకున్నాను. ఆ ఘాటు గొంతులోకి దిగగానే జమీలా టీచర్ ముందరి గది, కిటికీ పక్కన పరిచిన చాప, తాడు కట్టిన ఆమె కళ్ళద్దాలు, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. పాత కాగితం ముట్టుకునే ముందు లవంగం నమలాలన్నది ఆమె నాకు నేర్పిన మొదటి సంగతి. చివరి సంగతి ఏమిటో చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను.

నేను మేడిపల్లిలో కూలీల ఇంట్లో పుట్టాను. మా బంధువర్గం మొత్తంలో వకీలు చదువు చదివిన మొదటిదాన్ని నేనే. జగిత్యాలలో ఒక సీనియర్ వకీలు గారి దగ్గర జూనియర్‌గా కుదిరిన కొత్తలో, మెట్‌పల్లి వైపు ఒక ఊళ్ళోని పాత దొరల గడి, కోటలాంటి పెద్ద ఇల్లు, అమ్మకానికి వచ్చింది. వారసులు నాలుగు ఊళ్ళలో చెదిరి ఉన్నారు. కొనేవాళ్ళు మాత్రం ముత్తాత కాలం నుంచి నేటిదాకా ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరి వాటా ఎవరికి చేరిందో కాగితాలతో సహా చూపిస్తేనే ముందుకొస్తామన్నారు. ఉన్న కాగితాలన్నీ వీలునామాలు, అమ్మకపు దస్తావేజులు. నిజాం కాలం నాటివి, గొలుసుకట్టు ఉర్దూ. మా సారు ఆ మూట నా చేతిలో పెట్టి, “కోరుట్ల పోయిరా స్వరూపా. జమీలా బేగం అని ఉర్దూ టీచర్ ఉంటది. ఇవన్నీ ఆమెతోని సదివించుకరా” అన్నారు.

కోరుట్ల బస్టాండులో ముగ్గురు ఆటోవాళ్ళను అడిగితే ఒక్కరికీ జమీలా బేగం ఎవరో తెలియలేదు. ఉర్దూ టీచర్ అన్నాక ఒకతను తల ఊపి, “మాస్టర్ సాబ్ ఇల్లా? గట్ల చెప్పు మరి” అన్నాడు. ఆ మాస్టర్ సాబ్ ఆమె భర్త, లెక్కల మాస్టారు. అప్పటికే ఆయన పోయి చాలా కాలమైంది. ఆ ఇల్లు టీచర్ తన జీతంతో కొనుక్కున్నదని, కాగితం కూడా ఆమె పేరు మీదే ఉందని తర్వాత తెలిసింది. అయినా వీధికి అది మాస్టర్ సాబ్ ఇల్లే. ఆమె ఎవరినీ సరిదిద్దేది కాదు.

“చేతులు కడుక్కోని రా బిడ్డా. గీ లవంగం నోట్లె ఏస్కో. గా దుమ్ము గొంతుల పడితే అసలే ఇడువది,” అని టీచర్ నన్ను చాప మీద కూర్చోబెట్టి, మొదటి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. ఉర్దూలో ఒక వాక్యం, తెలుగులో దాని అర్థం. దేవుడి పేరు, పాలకుడి పొగడ్త, రాసినవాడి తాత ముత్తాతల గొప్పలు, దేన్నీ వదిలిపెట్టేది కాదు. నాకు సాయంత్రం బస్సు దొరుకుతుందో లేదోనని ఆరాటం.

“పేర్లు చెప్పుండ్రి చాలు టీచర్, రాసుకుంట,” అన్నాను.

“పేర్లకే అచ్చినవా? అయితే కూసో. రాసినోడు ఏం చెప్పిండో, ఏం దాచిండో మొత్తం సదివితేనే ఎర్కయితది,” అంది, తల ఎత్తకుండానే.

నేను ఊరుకునే రకం కాదు. ఆ వారం ఇంట్లో కూర్చుని ఆమె చదివినంత వరకు పేర్లు పేర్చి, పెద్ద చార్టు మీద వంశవృక్షం గీసి, రంగు పెన్నులతో గీతలు కొట్టి పట్టుకెళ్ళాను. ఆమె దాన్ని గోడకు ఆనించి చూసి, కళ్ళద్దాలు జారిపోయేంత నవ్వింది. మా వైపు తాత పేరు మనుమడికి పెట్టుకోవడం మామూలే గదా. ఆ ఇంట్లో తాతా రాఘవరావే, మనుమడూ రాఘవరావే. నేను ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేశాను.

“నీ లెక్కల గీ పిలగాడు ఆళ్ళ నాయినమ్మనే పెండ్లి చేసుకున్నడు స్వరూపా,” అంది. నాకు సిగ్గు, నవ్వు కలిసి వచ్చాయి.

“మరి ఏ రాఘవరావు ఎవరో ఎట్ల తెలుస్తది టీచర్?”

“హద్దులు చూడు. పక్క చేను ఎవలదని రాసి ఉన్నదో చూడు. గా పక్కోడు తాత ఈడోడా, మనుమని ఈడోడా తెలిస్తే గీ రాఘవరావు ఎవలో దొరుకుతడు. అమ్మేటోడు తన గురించి ఇష్టమచ్చినట్టు రాసుకుంటడు బిడ్డా. పక్కోని గురించి అబద్ధం రాసే అవుసరం ఆనికేముంటది? దస్తావేజు చేతికి రాంగనే మొదలు హద్దులు సదువు.”

అప్పటిదాకా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అన్న నాలుగు వరుసలను నేను కళ్ళతో దాటేసేదాన్ని. అవి కొలతల కోసమే అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి ఇద్దరం హద్దులు పట్టుకుని వెనక్కి నడిచాం. చిక్కుపడ్డ తరాలు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఆ పనిలో నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఏ కాలేజీలోనూ నాకు అంత బాగా చదువు చెప్పినవాళ్ళు లేరు.

ఆనందంతో పాటు మంట కూడా ఉండేది. పెద్ద దొర వీలునామాలో కొడుకుల వాటాలు, తుపాకులు, మామిడి చెట్లు, చివరికి సవారీ గుర్రం, దాని పేరుతో సహా, ఎవరికి పోవాలో రాసి ఉంది. గడి దక్షిణపు హద్దు దగ్గర మాత్రం ‘కూలోళ్ళ గుడిసెలు’ అని ఉంది, అంతే. మా తాత బతికింది అలాంటి గుడిసెలోనే.

“గుర్రానికి పేరున్నది. మాసొంటోళ్ళకు పేర్లే లేకుండెనా టీచర్?” అన్నాను. గొంతులో కోపం దాచుకోలేదు.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. “ఎందుకు లేకుండె బిడ్డా, ఉండె. రాసేటోడు అడుగలే,” అంది. తర్వాత ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

గడి పక్కనే ఒక గౌడ కుటుంబం ఇల్లు ఉంది. హద్దులు సరిచూడటానికి వాళ్ళ పాత దస్తావేజు అడిగి తెచ్చాను. టీచర్ వేలు పెట్టి చదువుతూ తూర్పు హద్దు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. “తూర్పుకు లచ్చవ్వ ఇల్లు. దొరసాని ఎంట అచ్చిన లచ్చవ్వ.”

ఆ ‘వెంట రావడం’ ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. దొరల ఇళ్ళలో పెళ్ళికూతురిని అత్తారింటికి పంపేటప్పుడు ఒక పనిపిల్లను కూడా పంపేవారు. ఆడబాప అనేవారు. ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, జీతం ఉండదు. బతుకంతా ఆ గడికే. పిల్లలు పుడితే ఎవరి పిల్లలో ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. గడి కాగితాలన్నీ తిరగేసినా లచ్చవ్వ పేరు ఎక్కడా లేదు. వాళ్ళకు అక్కర లేకపోయింది. పక్కింటి గౌడాయనకు మాత్రం తన ఇంటికి తూర్పున ఎవరున్నారో చెప్పక తప్పింది కాదు.

ఆ ఊరికి పోయి చూశాను. గడి ప్రహరీకి ఆనుకుని చిన్న గూన పెంకుల ఇల్లు, తలుపుకు తాళం. అమ్మకం కోసం గీసిన నక్షాలో ఆ ఇల్లు గడిలో కలిసిపోయి ఉంది. లచ్చవ్వ మనుమరాలు నర్సవ్వ సిరిసిల్లలో ఉంటుందంటే అక్కడికీ పోయాను. సాంచాల చప్పుడు గోడలు దాటి వస్తుంటే ఆమె వాకిట్లో కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొడుకు ఆ సాంచాల మీదే బట్ట నేస్తాడు.

“గది మా అమ్మమ్మ ఇల్లు,” అంది, చెయ్యి ఆపకుండా. “కొడుకు పెండ్లి చేసి ఆడికే పోదామనుకున్న. దొరలోళ్ళ మనుషులచ్చి తాళం తీస్కొమ్మన్నరు. కాయితం ఏదంటరు. మాకు ఎవలు రాసిచ్చిండ్రమ్మా కాయితం?”

నేను ఆ దొరల తరఫు వకీలు దగ్గర పనిచేసే జూనియర్‌ని. ఆ మాట ఆమెతో చెప్పకుండానే లేచి వచ్చేశాను. తిరుగు ప్రయాణంలో జగిత్యాల బస్సు వదిలేసి కోరుట్ల బస్సు ఎక్కాను. టీచర్ చపాతీలు చేస్తోంది. అంతా విని, నా ముందు ప్లేటు పెట్టింది.

“ఇది రాస్తే సార్ నన్ను ఉంచుతడో ఉంచడో టీచర్. రాయకుంటే ఆమె ఇల్లు పోతది.”

“నేను సదివేటప్పుడు ఒక్క మాటన్న ఇడిసిపెట్టిన్నా?”

“లేదు.”

“ఇగ రాసుడు నీ పని. ముందు తిను.”

రాశాను. లచ్చవ్వ ఇంటికి విడిగా ఒక పేజీ పెట్టి, గౌడ కుటుంబం దస్తావేజు నకలు జతచేసి సారు టేబుల్ మీద పెట్టాను. చదువుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను. ఆయన నిదానంగా తల ఎత్తి, “గిదొక్కటేనా, ఇంక పక్కోళ్ళయి ఉన్నయా?” అన్నారు. వెతికితే ఇంకో రెండు దొరికాయి. వాటిలోనూ అదే పేరు. వారసులను పిలిపించి, “ఇది కలిపి అమ్మితే రేపు కొన్నోళ్ళు మీ మీదికే అస్తరు” అని తేల్చి చెప్పారు. అక్కడ ఉన్నవాళ్ళలో అందరికంటే పెద్దావిడ, ఆ ఇంటి ఆడపడుచు, కల్పించుకుంది. “లచ్చవ్వ నన్ను ఎత్తుకుని పెంచింది. ఆ ఇల్లు మా నాయనమ్మ ఆమెకు ఇచ్చిందని మా అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు,” అంది. నక్షా మళ్ళీ గీశారు. వంశవృక్షంలో మాత్రం లచ్చవ్వ పేరు ఎక్కలేదు. ఆమె కూతురు ఎవరి బిడ్డో చెప్పే కాగితం లేదు గదా. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

ఇల్లు దక్కిందని చెప్పడానికి నర్సవ్వను కోరుట్లకు పిలిపించాను. ఇంటి సంగతి విని ఆమె తల ఊపింది. “మా అమ్మమ్మ పేరు రాసి ఉన్నదంటిరి, ఏడున్నది?” అంది. టీచర్ ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చదివింది. నర్సవ్వ వేలు తియ్యలేదు.

“మల్లోసారి సదువుండ్రి టీచరమ్మా,” అంది. టీచర్ మళ్ళీ చదివింది. ఈసారి ఆమె కాగితం వైపు చూడలేదు, నర్సవ్వ మొహం వైపే చూస్తూ చదివింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ రోజు సంతోషం నాకు ఈ రోజుకీ తరగలేదు.

టీచర్ నిరుడు పోయింది. నేనిప్పుడు సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాను. దస్తావేజు రాసేటప్పుడు హద్దుల దగ్గర నేను పెట్టే ఆలస్యానికి జనం విసుక్కుంటారు. ‘పక్కన కూలోళ్ళ ఇండ్లు’ అంటే ఒప్పుకోను, ‘ఫలానా వాళ్ళ భార్య ఇల్లు’ అన్నా ఒప్పుకోను. పేరు చెప్పమంటాను, తెలియకపోతే ఫోన్ చేసి కనుక్కోమంటాను. పేరు అడిగి రాయాలన్నదే టీచర్ నాకు నేర్పిన చివరి సంగతి.

పోయిన వారం వచ్చిన కోరుట్ల పెద్దమనిషి దగ్గరా అదే జరిగింది. తూర్పు, ఉత్తరం, దక్షిణం అయ్యాక పడమర ఎవరన్నాను.

“మాస్టర్ సాబ్ ఇల్లు అని రాయుండ్రి మేడమ్. కోరుట్లల అందరికి ఎర్కే,” అన్నాడు.

నోట్లో లవంగం ఇంకా ఘాటుగానే ఉంది. టైపిస్టును లేవమని నేనే టైపు చేయడానికి కూర్చున్నాను. అయ్యాక, ఆమె చదివినట్టే మొదటి నుంచి, ఒక్క మాట వదలకుండా, గట్టిగా చదివి వినిపించాను. హద్దుల దగ్గరికి వచ్చేసరికి కాగితం మీంచి కళ్ళెత్తి, ఆ పెద్దమనిషి మొహం వైపే చూస్తూ చదివాను.

“పడమర: ఉర్దూ టీచర్ జమీలా బేగం ఇల్లు.”